పోలీసులకు దొరకని ఈరన్న

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. పోనీ అదేమైనా హత్యా, దొంగతనమా అంటే అదీ కాదు. అలాంటిదైతే చెప్పుకోవడానికి కాస్త గంభీరమైన పేరైనా ఉండేది. నా పాపం కంప్యూటర్లో ఆడుకునే కార్ల ఆట దగ్గర మొదలైంది. చెబితే నవ్వుతారు. సరే, నవ్వండి. నవ్వడం అయ్యాక మాత్రం చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇది నేను ఇంకెవరికీ చెప్పలేదు, మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

నా పేరు చెప్పను. ఆదోనిలో నాకొక సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఏ బజారో కూడా చెప్పను. ఈరన్న పేరు మాత్రం దాచాల్సిన పని లేదు. మా వైపు సంతలో నిలబడి "ఈరన్నా" అని కేకేస్తే సగం మంది వెనక్కి తిరిగి చూస్తారు. వాళ్లలో మా ఈరన్న ఎవరో మీరు కనిపెట్టలేరు.

మా ఈరన్న గూడ్స్ బండి డ్రైవరు. పల్లెల నుంచి పత్తి బోరాలు ఆదోని మిల్లులకు తోలేవాడు. పత్తి లేని రోజుల్లో పత్తికొండ నుంచి టమోటా పెట్టెలు వేసుకొచ్చేవాడు. రోడ్డు మీద అతనంత మెల్లగా పోయేవాణ్ణి నేను చూడలేదు. మేకపిల్ల అడ్డమొస్తే బండి ఆపి, దిగి, దాన్ని పక్కకు తోలి, మళ్లీ ఎక్కే మనిషి. వెనక లారీవాళ్లు హారన్ కొట్టి కొట్టి తిట్టిపోయేవారు. అతనికి పట్టేది కాదు. ఎద్దులబండి ఈరన్న అని పేరు పెట్టారు. దానికీ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. మనిషన్నాక ఒకసారైనా కోపం రావాలి కదా?

నా దుకాణంలో లోపలి గోడకు ఆనించి ఒక పాత కంప్యూటర్ ఉండేది. పాటలు ఎక్కించడానికి కొన్నది. మధ్యాహ్నాలు ఎండకు బజారు ఖాళీ అయ్యాక మేమిద్దరం దాంట్లో ఆ ఆట ఆడేవాళ్లం. పెద్ద నగరం, వెడల్పు రోడ్లు, చట్టానికి విరుద్ధంగా కార్ల పందేలు. పందెం మొదలుపెట్టగానే పోలీసులు వెంటబడతారు. ఒక కారును తప్పించుకుంటే నాలుగు వస్తాయి. రోడ్డుకు అడ్డంగా బండ్లు నిలబెడతారు, ముళ్లపట్టీలు పరుస్తారు, పైన హెలికాప్టర్ తిరుగుతుంది. నేను ఎప్పుడూ దొరికిపోయేవాణ్ణి. అన్నీ తప్పించుకొని ఇక గెలిచాననుకునే సరికి కరెంటు పోయేది. కరెంటు వాళ్లు నా కంప్యూటర్‌ను ఎక్కడినుంచో చూస్తూ స్విచ్ ఆపుతారేమోనని నా అనుమానం. ఎన్నిసార్లు కీబోర్డును నేలకేసి కొడదామనుకున్నానో.

మరి ఈరన్న? రోడ్డు మీద ఎద్దులబండి, ఆటలో పిశాచి. ఎదురొచ్చే బండ్లను గుద్దుకుంటూ, గోడలు పగలగొట్టుకుంటూ, సందుల్లో దూరి మాయమయ్యేవాడు. ముఖంలో మాత్రం ఏమీ ఉండదు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నట్టు కూర్చునేవాడు. అతని ఆట చూడ్డానికి కాలేజీ పిల్లలు నా దుకాణం ముందు గుంపు కట్టేవారు. "పోలీసులకు దొరకని ఈరన్న" అని వాళ్లే పేరు పెట్టారు. "అన్నా, ఈరన్న ఉండాడా?" అని రోజూ ఎవడో ఒకడు వచ్చి అడిగేవాడు. దుకాణం నాది, కంప్యూటర్ నాది, కరెంటు బిల్లు నాది. పేరు ఈరన్నది. నాకు కుళ్లు ఉండేదా? ఉండేది. అప్పుడు అడిగితే లేదనేవాణ్ణి.

ఆ రోజుల్లో అతనికి ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. చూడ్డానికి పోయి వచ్చిన రోజు నుంచి ఈరన్న ఈ లోకపు మనిషి కాదు. ఆ పిల్ల తల వంచుకొని కూర్చోకుండా, పెద్దవాళ్లందరి ముందే అతన్ని ఒక ప్రశ్న అడిగిందట, "బండి ఎంత స్పీడులో తోలతావు?" అని. ఇతను "నలభై దాటనియ్యను" అన్నాడట. ఆ పిల్ల నవ్విందట. ఇంతే కథ. ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో ఆ ఉరుకుంద ఈరన్న స్వామికే తెలియాలి. నవ్వింది అన్న చోటికి వచ్చేసరికి ఇతనూ నవ్వేవాడు. అప్పటికే అతనికి వయసు దాటిపోతోందని ఇంట్లో బెంగ. వాళ్లమ్మకు ఒక్కడే కొడుకు. ఈ సంబంధం కుదిరితే చాలు దేవుడా అని ఆమె శనివారాలు ఒక్కపొద్దు ఉండేది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిందేమిటో మీకు అర్థం కాదు. పిల్లనిచ్చే ముందు, పిల్ల తరఫున ఒక పెద్దమనిషి ఎవరికీ చెప్పకుండా వచ్చి, పెళ్లికొడుకు తిరిగే చోట విచారించుకొని పోతాడు. అడిగినవాళ్లు చెడ్డమాట నోటితో చెప్పరు. పెళ్లి చెడగొట్టిన పాపం ఏడు తరాలు తగులుతుందని భయం. అందుకని పిల్లాడు మంచివాడైతే నోరారా చెబుతారు, కళ్లు మూసుకొని ఇవ్వచ్చంటారు. లోపం ఉంటే ఏమీ చెప్పరు. "టీ తాగుదువు రా" అంటారు. అంతే. విచారించడానికి వచ్చినవాడికి అర్థమైపోతుంది. అతను వద్దని లేచిపోతాడు. మావాళ్లలో పిల్లలకు కూడా ఇది తెలుసు.

ఆ రోజు పొద్దున ఈరన్న నాకొక ఉపకారం చేశాడు. ఆటలో నాదొక నీలం కారు ఉండేది. నెలల తరబడి ఆడి గెలుచుకున్నది. రంగులు వేశాను, చక్రాలు మార్చాను, వెనక అద్దం మీద నా పేరు రాసుకున్నాను. నేను షట్టరు తీసి ఊడ్చుకునే లోపల ఇతను నా ఆట తెరిచి, ఆ కారును అమ్మేసి, వేరేది కొని పెట్టాడు. "ఇది మేలప్పా, ఇంగ నువ్వు పోలీసులకు దొరకవు" అన్నాడు. మంచి చేశానని ముఖం వెలిగిపోతోంది. అతను బండి తీసుకొని పల్లెలకు పోయాడు. నేను మధ్యాహ్నం దాకా లోపల్లోపల ఉడుకుతూ కూర్చున్నాను. ఇంత వయసు వచ్చినవాణ్ణి, పెళ్లయి బిడ్డ ఉన్నవాణ్ణి, తెర మీద బొమ్మకారు కోసం! ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే విసుగొస్తోంది. కానీ అప్పుడు ఉడికాను. అది నిజం.

మధ్యాహ్నం ఆ కొత్త కారుతోనే ఆడుతున్నాను. పోలీసులు వెంటబడి ఉన్నారు. కౌంటరు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. తల తిప్పలేదు. తెరకు నా వీపు అడ్డం, అతనికి కనిపించదు.

"ఏమప్పా, ఈరన్న అని డ్రైవరు, నీకు బాగా తెల్సునంట గదా?"

"తెలీకపోవడమేంది, దినామూ ఈడనే గదా కూసుంటాడు."

"ఎట్లాంటోడప్పా?"

"వాడు మామూలోడు కాదులే. పోలీసులు యెంటబడినా దొరకడు."

ఆ గొంతు కొంచెం తగ్గింది.

"పోలీసులు యెంటబడతారా?"

"దినామూ పడతారు. బండ్లకు బండ్లు యేసుకోని వస్తారు. వీడు ఎదురొచ్చినోళ్లను గుద్దుకుంటానే పోతాడు. ఒక్కపారి గూడా దొరకలేదు."

"నిజమేనా అప్పా? మళ్లా మాట పొల్లు పోగూడదు."

"నా కండ్లారా సూసినా. అంతెందుకు, ఈ పొద్దు పొద్దున్నే నాకు సెప్పకుండా నా కారు అమ్మేసినాడు."

కరెంటు పోయింది. తెర నల్లబడింది. విసుక్కుంటూ తల తిప్పాను.

ఎదురుగా నేననుకున్న కాలేజీ కుర్రాడు లేడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చెమట పట్టిన ముఖం. పెద్దాయన. "మేము ఎమ్మిగనూరోళ్లమప్పా. పిల్లకు నేను మేనమామను" అన్నాడు.

ఇంతవరకు పొరపాటు. దేవుడి ముందు నిలబెట్టినా ఇదే చెబుతాను, ఇంతవరకు ఆయన అడిగిందొకటి, నేను అనుకొని చెప్పిందొకటి. అయ్యో పెద్దాయనా, అది ఆట, కంప్యూటర్లో బొమ్మకార్లు, మా ఈరన్న నిజానికి చీమను కూడా తొక్కడు, అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు ముక్కలు. ఇద్దరం నవ్వుకొనేవాళ్లం. ఆయన పోయి ఎమ్మిగనూరులో చెబితే ఆ పిల్ల కూడా నవ్వేది.

ఆ నాలుగు ముక్కలు నా నాలుక మీదకు వచ్చాయి. నేను పళ్లు బిగించాను. కారు గుర్తొచ్చిందా? కాలేజీ పిల్లలు గుర్తొచ్చారా? "ఆ పిల్ల నవ్వింది" అని నవ్వే ఆ ముఖం గుర్తొచ్చిందా? ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, ఈరన్న ఎక్కడైనా దొరికిపోతే బాగుండుననిపించింది. అంతే అనిపించింది. దాని కోసం నోరు తెరిచి ఈ మాట అన్నాను.

"టీ తాగుదువు రా పెద్దాయనా."

ఆయన నన్ను చూశాడు. "వద్దులే నాయనా, తాగినట్టే" అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆడబిడ్డ గొంతు కోయకుండా కాపాడినావు, సల్లగుండు" అన్నాడు.

ఆ దీవెన ఇంకా నా మీదే ఉంది. ఏం చేసుకోను దాన్ని?

ఎమ్మిగనూరు వాళ్లు మర్యాదస్తులు. జాతకాలు కుదరలేదని కబురు పంపారు. కానీ ఊళ్లకు నోరుంటుంది కదా. ఆ తర్వాత గూడూరు నుంచి వచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. నందవరం వాళ్లు చూడ్డానికే రాలేదు. డ్రైవరు ఈరన్న మీద పోలీసు కేసులున్నాయట, ఎవరి కారో అమ్ముకున్నాడట, అని ఒక మాట బస్సుల్లో, ఆటోల్లో తిరిగింది. అది చుట్టూ తిరిగి నా దుకాణానికే వచ్చింది. గిరాకీకి వచ్చినవాడెవడో నాకే చెప్పాడు, గుట్టుగా. "అట్లనా?" అన్నాను. అట్లనా అట!

ఈరన్న వాళ్లమ్మ ఒకరోజు నా దుకాణం మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. "ఎవడో నా కొడుకు నోట్లో మన్ను కొట్టినాడప్పా. వాని నాలిక పడిపోను, వాని వంశం నాశనం గాను" అని నేల మీద చేత్తో కొట్టి శపించింది. నేను చెంబుతో నీళ్లిచ్చాను. "ఊరుకో పెద్దమ్మా" అన్నాను. ఆమె తాగి, నువ్వొక్కడివే మాకు దిక్కు నాయనా అంది. దుకాణం వెనకే ఉన్న మా ఇంట్లో నా భార్య బిడ్డకు అన్నం పెడుతోంది. ఆ శాపం ఎవరికి తగలాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెంబు పట్టుకొని నిలబడ్డాను.

చెప్పాలని అనుకోలేదా? అనుకున్నాను. ఒకసారి బస్సు కూడా ఎక్కాను. ఎమ్మిగనూరు ఎంత దూరం కనుక? దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. పెద్దాయనా, పోలీసులు తరిమింది నిజమే కానీ నిజం పోలీసులు కారు. కారు అమ్మింది నిజమే కానీ ఆ కారు లేదు. ఇలా చెబితే ఎవడైనా నమ్ముతాడా? పిచ్చి పట్టిందనుకుంటాడు. పోనీ నమ్మాడే అనుకుందాం. "ఆ పొద్దే ఎందుకు సెప్పలేదప్పా, టీకి ఎందుకు పిలిచినావు?" అని అడుగుతాడు. బస్టాండులో దిగాను. ఆకలేసింది. ఉగ్గాని బజ్జీ తిన్నాను. బాగుందని ఇంట్లోకి ఒక పొట్లం కట్టించుకొని తిరుగు బస్సెక్కాను. అది నా ప్రాయశ్చిత్తం! ఆ పొట్లం గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

అన్నిటికంటే నన్ను చంపేది వేరే ఉంది. ఈరన్న ఎవరినీ అనుమానించలేదు. తప్పు తనలోనే వెతుక్కున్నాడు. ఆ పిల్లకు తన నలభై నచ్చలేదని, నవ్వింది అందుకేనని, చేతకానివాడు అనుకున్నదని, తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. "మెల్లగ పోయేటోనికి పిల్లనెవరిస్తారప్పా" అనేవాడు. ఆ నవ్వు కథ మళ్లీ చెప్పలేదు. అంతకుముందు ఆ కథ వినలేక చచ్చేవాణ్ణి. ఇప్పుడు ఒక్కసారి చెబితే బాగుండు అనిపించేది.

తర్వాత బండి వేగంగా తోలడం మొదలుపెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. లారీలను దాటేవాడు. మలుపుల్లో తగ్గించేవాడు కాదు. బజారులో వాళ్లు ఈరన్న మారినాడే అని మెచ్చుకున్నారు. ఒక తెల్లవారుజామున పత్తికొండ నుంచి టమోటాలు వేసుకొని వస్తూ మలుపులో బండి బోల్తా కొట్టించాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. అతని ఎడమకాలు మోకాలి కింద నుజ్జయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో నెలలు ఉన్నాడు. కాలు ఉంది, కానీ దాంతో ఇక క్లచ్ తొక్కలేడు.

ఇది కూడా నా ఖాతాలోనే వేయాలా? రోడ్డు మీద గుంత ఉందన్నారు. టైరు అరిగిందన్నారు. నేను ఆ గుంతను పట్టుకొని ఎన్నాళ్లు వేలాడానో! గుంత వల్లనే, టైరు వల్లనే, అతని ఖర్మ వల్లనే. మరి గుంత ఎప్పటినుంచో అక్కడే ఉంది కదా, నలభైలో పోయినన్నాళ్లూ అతన్ని ఏమీ చేయలేదు కదా, అని లోపలినుంచి ఎవడో అడుగుతాడు. వాడి నోరు మూయించడం నావల్ల కాలేదు.

ఇప్పుడు ఈరన్న నా దుకాణంలోనే పనిచేస్తాడు. ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు, బ్యాటరీలు మారుస్తాడు. నేను దయతలచి పెట్టుకున్నానని బజారంతా నన్ను మెచ్చుకుంటుంది. పెళ్లి కాలేదు. వాళ్లమ్మ ఆ నాలుక ఎవరిదో తెలియకుండానే కన్నుమూసింది. పాత కంప్యూటర్ పోయింది, ఆట పోయింది. ఆ పిల్ల ఏ ఊళ్లో ఉందో, ఎలా ఉందో నాకు తెలియదు. తెలుసుకునే ముఖం లేదు.

వెయ్యి అబద్ధాలు ఆడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఒక పెళ్లి పోగొట్టాను. చాలాకాలం ఇదే నా సమర్థన కూడా. నేనేం అబద్ధం చెప్పలేదే? పోలీసులు వెంటబడేవాళ్లు కదా? కారు అమ్మాడు కదా? టీకి పిలవడం తప్పా? ఇంతకంటే సిగ్గుమాలిన లాయరు నాకు దొరకడు.

ఇన్నేళ్లు ఊరుకొని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా తమ్ముడికి సంబంధం వచ్చింది. వాళ్ల పెద్దమనిషి విచారించడానికి దుకాణానికి వచ్చాడట. నేను లేను. ఈరన్న ఉన్నాడు. నేను వచ్చాక అద్దం తుడుస్తూ చెప్పాడు, "నోరారా సెప్పినాలేప్పా. ఆ ఇంట్లో అన్న ఉండాడు సూడు, అట్లాంటోడు ఉంటే ఇంగ విచారించే పనే ల్యా, కండ్లు మూసుకోని ఇయ్యండి అన్నా" అని. సంబంధం కుదిరిపోయింది. ముహూర్తం పెట్టుకున్నారు. ఇంట్లో స్వీట్లు పంచారు. నేను ఆ స్వీటు నోట్లో పెట్టుకోలేక, పక్కింటి వాళ్లకు ఇచ్చి వస్తానని బయటికి పోయాను.

మరునాడు పొద్దున "ఈరన్నా, ఒక మాట" అన్నాను. "సెప్పప్పా" అన్నాడు. చేతిలో ఎవరిదో ఫోను, కళ్లు నా మీద. నా పెదవులు కదిలాయి. అంతలో ఒకడు వచ్చి ఛార్జరు అడిగాడు. ఇచ్చాను. మళ్లీ అతను అడగలేదు. నేనూ ఎత్తలేదు. ఛార్జరు వాడు రాకపోతే చెప్పేవాణ్ణా? మిమ్మల్ని ఎందుకు మోసం చేయాలి, చెప్పేవాణ్ణి కాదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. అతనికి చెప్పి తీరుతానని ఒట్టు కూడా వేయను. వేస్తే ఈ కాగితం మీద అదొక్కటే అబద్ధమవుతుంది. కానీ ఒకటి గమనించాను. ఇన్నేళ్లూ నేను ఈరన్న పెళ్లి సంగతి ఎవరితో మాట్లాడినా "ఆ పెళ్లి తప్పిపోయింది" అనేవాణ్ణి. "సంబంధం కుదరలేదు" అనేవాణ్ణి. అన్నీ వాటంతటవే జరిగినట్టు, చేసినవాడు ఎవడూ లేనట్టు. పైన చదివి చూస్తే ఇక్కడ కూడా "పోగొట్టాను" అని మెత్తగా రాసి తప్పుకున్నాను. వాళ్లమ్మ మెట్ల మీద కూర్చొని వెతికిన మాట అది కాదు. ఆమెకు దక్కని ఆ మాట కనీసం మీకైనా సరిగ్గా చెబుతాను.

ఈరన్న పెళ్లి నేను చెడగొట్టాను. తెలిసి చెడగొట్టాను.